అయ్యగారు ప్రార్థనలో ఆగే చోటు

పోయిన మంగళవారం పొద్దున మా మిషను బడి ఉన్న ఊరికి పోయే బస్సు కోసం ఆత్మకూరు బస్టాండులో నిలబడి ఉన్నాను. ఉదయగిరి బస్సు వచ్చి ఆగింది. కండక్టరు దిగుతూనే నన్ను చూసి, “టీచరమ్మా, మీ అయ్యగారు పొయినారంట” అన్నాడు. నేను వెంటనే “ఏ ఊరికి?” అని అడిగాను. అయ్యగారంటే ఎప్పుడూ ఏదో ఒక ఊరికి పోతూ ఉండే మనిషి. నాకు వేరే అర్థం తట్టలేదు. కండక్టరు సంచి సర్దుకుంటూ నా మొహం చూడకుండా, “తెల్లారుజామునంట” అన్నాడు. అప్పుడు తెలిసింది. బస్సు వచ్చింది, పోయింది. నేను ఎక్కలేదు.

అయ్యగారు ఉదయగిరి బాప్టిస్టు సంఘానికి పాస్టరు. ఈ పడమటి మెట్ట ప్రాంతంలో ఉన్న సంఘాలన్నిటినీ ఒక గొడుగు కిందికి తెచ్చిన సమాఖ్యకు చాలాకాలం అధ్యక్షుడు. సమాఖ్యవాళ్ళు ఇప్పుడు సంస్మరణ సంచిక వేస్తున్నారు. సువార్త పని గురించి ఒక పేరా, నాయకులను తయారు చేయడం గురించి ఒక పేరా, సమాజం కోసం చేసిన పోరాటం గురించి ఒక పేరా రాసి, చివర బైబిలు వాక్యం ఒకటి పెట్టి ముగించమని నాకు చెప్పారు. కొలతలిచ్చి జాకెట్టు కుట్టమన్నట్టుంది. నాకు కుట్టు రాదు. పైగా ఆ మూడో పేరాలో నా తప్పు ఒకటుంది. ఒక ఆడపిల్ల ఉద్యోగానికి అడ్డుపడిన తప్పు. అది వదిలేసి రాస్తే అయ్యగారి గురించి రాసినట్టే కాదు.

ముందు సమాఖ్య సంగతి. మా వైపు చర్చిలకు కొదవ లేదు. తాతల నాటి నుంచి మా బాప్టిస్టులం ఉన్నాం. తర్వాత పెంతెకొస్తువాళ్ళు వచ్చారు, బ్రదరన్‌వాళ్ళు వచ్చారు, మేము ఎవరికీ చెందమని బోర్డు రాయించుకున్నవాళ్ళూ వచ్చారు. ఒకే పల్లెలో మూడు చర్చిలు, మూడు మైకులు. తప్పెట కొట్టి పాడొచ్చా కూడదా అని ఒక తగువు, ఏ నీళ్ళలో ముంచారు, ఎన్నిసార్లు ముంచారు అని ఇంకో తగువు. వీళ్ళందరినీ నెలకొకసారి, ఒక నెల ఉదయగిరిలో, ఒక నెల ఆత్మకూరులో కూర్చోబెట్టడానికి అయ్యగారు పెట్టిన షరతు ఒక్కటే. మధ్యాహ్నం భోజనమయ్యేదాకా బాప్తిస్మం గురించి ఎవరూ నోరెత్తకూడదు. “కడుపు నిండినాక కొట్టుకోండి. అప్పుడు దెబ్బలు గెట్టిగా పడవు” అనేవారు. నిజంగానే భోజనం తర్వాత సగం మంది కునుకు తీసేవాళ్ళు.

అట్లా కూర్చున్నవాళ్ళే తర్వాత కలిసి పని చేశారు. చర్చి లేని పల్లెలకు సువార్తికులను పంపి, వాళ్ళ బియ్యం, బస్సు ఖర్చు అందరూ పంచుకున్నారు. వేసవిలో ఆత్మకూరు మిషను బంగళా వరండాలో పల్లె పెద్దలకు తరగతులు నడిపారు. కూలి పని చేసుకునేవాళ్ళకు ప్రసంగం చెప్పడం, సభ నడపడం, అర్జీ రాయడం నేర్పారు. చివరి రోజున సర్టిఫికెట్టు బదులు అయ్యగారు ఒక్కొక్కరి చేతిలో ఉదయగిరి చెక్క గరిటె పెట్టేవారు. “వడ్డించేవాడు ఆఖర్న తినాల. నాయకత్వమంటే అంతే, ఇంకేం లేదు” అనేవారు. చాలామంది ఆ గరిటెను గోడకు మేకు కొట్టి వేలాడదీశారు. మా ఇంట్లో మాత్రం దానితో పప్పు ఎనుపుతున్నాం.

శ్మశానానికి స్థలం లేని పల్లెలకు స్థలం ఇప్పించడానికి అందరూ కలిసి ఆఫీసులకు పోయేవాళ్ళు. “ఒక పాస్టరు పోతే కుర్చీ గూడా వెయ్యరు. పదిమంది పోతే కుర్చీలు చాలక వాళ్ళే లేచి నిలబడతారు” అని అయ్యగారి లెక్క. ఆ లెక్క చాలాసార్లు పనిచేసింది.

ఆయన ప్రార్థన గురించి చెప్పాలి. “అందరినీ దీవించు ప్రభువా” అని ఆయన ఎన్నడూ అనలేదు. ఉదయగిరిలో మొదటి వీధి నుంచి మొదలుపెట్టి, చుట్టుపక్కల పల్లె పల్లెకూ ఇంటింటి మనుషుల పేర్లు వరుసగా చెప్పేవారు. కాగితం ఉండేది కాదు. ఆ వరుస మాకందరికీ నోటికి వచ్చేసింది. అయ్యగారి ప్రార్థన మొదలుపెట్టినాక ఇంటికి పోయి ఎసట్లో బియ్యం పోసి రావచ్చు అని ఆడవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. ఆయన దాకా ఆ మాట పోయింది. “పొయ్యి రండి. మీ పేరు వచ్చే లోపల వచ్చేయండి” అన్నారట.

ఆ పేర్ల మీద ప్రేమే మమ్మల్ని ముంచింది.

బయటివాళ్ళకు ఒక సంగతి తెలియాలి. మావాళ్ళలో చాలామందికి రెండు పేర్లు. బడిలో కొండయ్య, చర్చిలో యాకోబు. బడి రిజిస్టరులో ఎస్సీ, సంఘం రిజిస్టరులో సభ్యుడు. క్రైస్తవుడని కాగితం మీద పడితే ఎస్సీ పోయి బీసీ-సీ అవుతుంది. హాస్టలు సీటు నుంచి ఉద్యోగం దాకా అన్నీ తారుమారవుతాయి. మనిషి మాత్రం అదే పల్లెలో ఉంటాడు, టీ కొట్లో అదే వేరే గ్లాసులో తాగుతాడు. నాది మిషను బళ్ళో ఉద్యోగం. మా నాయనదీ అక్కడే. ఆ సర్టిఫికెట్టుతో నాకు ఎన్నడూ పని పడలేదు. పని పడనివాళ్ళకు భయం ఉండదు, ఆ రోజుల్లో నాకు దాన్ని ధైర్యమనుకునే పొగరు ఉండేది.

తొంభైల మధ్యలో ఈ అన్యాయం గురించి దేశమంతటా సంఘాలు కలిసి అడగడం మొదలుపెట్టాయి. మా సమాఖ్యకు కూడా హైదరాబాదు నుంచి కాగితం వచ్చింది. ఎన్ని కుటుంబాలున్నాయో అంకె వేసి, పాస్టర్ల సంతకాలతో అర్జీ ఇమ్మన్నారు. అయ్యగారికి ఆ అంకె నచ్చలేదు.

“అంకెను చూసి ఎవురు ఏడుస్తారు అమ్మణ్ణీ? పేర్లు రాద్దాం. రెండు పేర్లూ పక్కపక్కనే రాద్దాం. మీ చట్టం మూలాన మా బిడ్డలు ఇట్ట రెండు మనుషులుగా బతకతా ఉండారు, చూడండి అని చూపిద్దాం” అన్నారు.

నాకు ఒళ్ళు పులకరించింది. సమాఖ్య ఉత్తరాలు రాసేది నేనే, చేతిరాత బాగుంటుందని జాబితా రాసే పని కూడా నాకే ఇచ్చారు.

ఒక పల్లెకు పోయాం. ఏ పల్లె అనేది చెప్పను. కలిగిరి తట్టు కావచ్చు, వరికుంటపాడు తట్టు కావచ్చు, కొండాపురం తట్టు కావచ్చు. ఆ పల్లె సంఘపెద్ద ఇంటి ముందు మంచం వేసి మమ్మల్ని కూర్చోబెట్టారు. ఆయన తల్లి, పెద్దావిడ, చేటలో కందులు చెరుగుతూ ఉంది. అయ్యగారు విషయమంతా చెప్పాక ఆ అవ్వ చేట ఆపి, “అయ్యా, రెండు పేర్లు పెట్టుకునింది రెండు చోట్లకి గదా. రెండూ ఒకే చోట పెడితే ఎట్ట?” అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అయ్యగారు నవ్వలేదు. పోయి ఆమె పక్కన కూర్చుని, “నిజం చెప్పేదానికి భయమెందుకవ్వా? మనం అడిగేదే ఆ నిజం గదా” అన్నారు.

“ఏమోనయ్యా, మీరు చదువుకున్నోళ్ళు” అని ఆమె మళ్ళీ చెరగసాగింది.

సంఘపెద్దకు ఒక కూతురు. ఎస్సీ కోటాలో టీచరు పోస్టుకు ఎంపికై, పోస్టింగు ఆర్డరు కోసం ఎదురు చూస్తోంది. ఆ రోజు సర్టిఫికెట్ల పని మీద నెల్లూరు పోయింది. “మా పాపది ముందు రాయండమ్మా. చదువుకున్న పేరు పైన ఉంటే అర్జీకి బరువుంటాది” అన్నాడు తండ్రి, మురిసిపోతూ. మొదటి పేజీ మొదటి వరుసలో ఆమె బడి పేరు, పక్కన చర్చి పేరు రాశాను. దాని కింద “ఉపాధ్యాయినిగా ఎంపికైనది” అని రాసి ఎర్ర సిరాతో గీత కొట్టాను. ఆ అమ్మాయిని ఎవరమూ అడగలేదు. అడగాలని తట్టను కూడా లేదు. ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. రెండు పేర్లూ రాయను. ఒకసారి రాశాను, చాలు.

అర్జీ ఇచ్చాం. ఫోటో దిగాం. కొన్ని నెలల తర్వాత ఆమె పోస్టింగు ఆగిపోయింది. నువ్వు క్రైస్తవురాలివని ఆధారం ఉంది, సంజాయిషీ ఇవ్వు అని నోటీసు వచ్చింది. ఆధారమని జత చేసింది మా జాబితాలో మొదటి పేజీ. నా అక్షరాలు జిరాక్సులో కూడా ముత్యాల్లాగే ఉన్నాయి.

అయ్యగారు ఆఫీసుల చుట్టూ తిరిగారు. పదిమంది పాస్టర్లతో కాదు, ఒక్కరే. ఒక గుమాస్తా, మంచివాడే, కుర్చీ వేసి కూర్చోబెట్టి చెప్పాడట. “అయ్యగారూ, ఇది మీరు రాసిందే గదా. అది అబద్ధమని మీరే రాసియ్యండి, చూస్తాం.” ఆయన లేచి వచ్చేశారు. అబద్ధమని ఎట్లా రాస్తారు? మా అర్జీ మొత్తానికి ఉన్న బలం అది నిజం కావడమే.

తర్వాత ఒక శనివారం ఆ అమ్మాయే ఉదయగిరి చర్చికి వచ్చింది. పక్క గదిలో నేనూ అయ్యగారూ సమాఖ్య ఉత్తరాలు చూసుకుంటున్నాం. ఆమె ఒక్కతే వచ్చింది. తండ్రి మొహం చెల్లక రాలేదు. కూర్చోమంటే కూర్చోలేదు. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

“అయ్యగారూ, మీ పుస్తకంలో నా పేరు కొట్టేయండి. సభ్యురాలు కాదని కాగితం రాసియ్యండి” అంది.

అయ్యగారు చేతిలో ఉత్తరం పక్కన పెట్టారు. “నువ్వు నమ్మింది గూడా కొట్టేయమంటావా బిడ్డా?” అని అడిగారు.

“నేను నమ్మింది మీ పుస్తకంలో లేదయ్యగారూ. పేరే ఉండాది.”

ఆయన సంఘం రిజిస్టరు తీశారు. వాగులో ఆమెకు బాప్తిస్మమిచ్చింది ఆయనే, అందులో పేరు రాసుకున్నదీ ఆయనే. పేజీ దొరికాక, గీత వంకర పోకూడదని స్కేలు అడిగారు. అందించింది నేనే. గీత కొట్టి, కింద సంతకం పెట్టి, ఈమె మా సంఘ సభ్యురాలు కాదని ఇంకో కాగితం మీద రాసి సీలు వేశారు. గీత ఎక్కడా వంకర పోలేదు. అదే నాకు ఇప్పటికీ కళ్ళలో ఉంది.

కాగితం మడిచి ఇస్తూ, “ఆదివారం ప్రార్థనలో పిలస్తాను గదా, అదన్నా ఉండనీ” అన్నారు, అడుక్కుంటున్నట్టు.

“వద్దయ్యగారూ. ఎంక్వైరీకి వచ్చేవాళ్ళు ఆదివారం గూడా వస్తారంట. ఎవురన్నా వింటారు” అంది. దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

మర్నాడు ప్రార్థనలో ఆ పల్లె వచ్చింది. అవ్వ పేరు, తండ్రి పేరు, తల్లి పేరు చెప్పారు. తర్వాత ఆగారు. మేమంతా కళ్ళు మూసుకునే ఉన్నాం. గొంతు పట్టిందేమో అనుకున్నారు కొందరు. చాలాసేపటికి ఆమె తమ్ముడి పేరుతో మళ్ళీ మొదలుపెట్టారు. మరుసటి ఆదివారం కూడా అక్కడే ఆగారు. ఆ తర్వాత ప్రతి ఆదివారం, పోయిన నెల మంచాన పడేదాకా, ఒక్క వారం కూడా ఆ చోటు దాటేసి పోలేదు. సంఘమంతా ఆ చోటు వచ్చేసరికి ఊపిరి బిగపట్టేది. చంకలో పిల్లలు కూడా ఏడ్చేవాళ్ళు కాదని నాకనిపించేది. సమాఖ్య పని మీద నెలకు రెండు ఆదివారాలు నేను అక్కడే ఉండేదాన్ని.

ఒకసారి ఉండబట్టలేక, “అయ్యగారూ, ఆడ ఎందుకు ఆగతారో అందరికీ తెలిసిపోతాది” అన్నాను.

“తెలిస్తే తెలవనీ. నేను పేరు పలికినానా? ఆగేదానికి గూడా సర్టిఫికెట్టు కావాల్నా?” అన్నారు. అంత విసురుగా నాతో ఎన్నడూ మాట్లాడలేదు.

సమాఖ్యలో గొడవైంది. ఒక బ్రదరన్ పెద్దాయన సభలో లేచి, “కోడి కూయలేదు గానీ, యేసును ఎరుగనన్న పేతురు పనే అయ్యగారు చేసినారు. ఆ బిడ్డను ఎరుగనని రాసిచ్చినారు” అన్నాడు. అది భోజనానికి ముందు. అయ్యగారు ఆయన్ని ఆపలేదు. ఆ రోజే అధ్యక్ష పదవి వదులుకుని వెనక వరుసలోకి పోయి కూర్చున్నారు. తర్వాతి సభలకు అందరికంటే ముందు వచ్చి చాపలు పరిచింది ఆయనే. పదవి వదిలే ముందు ఒక్క తీర్మానం మాత్రం రాయించారు. ఇకపై సమాఖ్య ఏ అర్జీ పంపినా ఎవరి పేరు వాళ్ళే రాయాలి, రాని వాళ్ళు వేలిముద్ర వేయాలి, మనిషి ఎదురుగా లేకపోతే ఆ మనిషి పేరు ఉండకూడదు. వేసవి తరగతుల్లో ఇప్పుడు మొదటి పాఠం ఇదే. “ఒకరి తరఫున మాట్లాడే ముందు వాళ్ళ తట్టు ఒకసారి తిరిగి చూడాల” అని చెప్పేవారు. ఎందుకు చెబుతున్నారో కొత్తగా వచ్చేవాళ్ళకు తెలియదు. ఆ తీర్మానంతో మా అర్జీలు చిన్నవయ్యాయి. కానీ వాటి వల్ల ఆ తర్వాత ఎవరికీ చెడు జరగలేదు.

అయ్యగారు రాసిచ్చిన కాగితంతో ఆ అమ్మాయికి మరుసటి ఏడు పోస్టింగు వచ్చింది. ఆ కబురు తెచ్చింది నేనే. అయ్యగారు “మంచిది” అన్నారు. స్వీట్లు పంచుతారేమో అని చూశాను. లేదు. రిజిస్టరులో ఆ పేజీ వచ్చినప్పుడల్లా దాని మీద అరచేయి పెట్టి తర్వాతి పేజీకి పోవడం మాత్రం చూశాను.

ఆయన చేసిన మంచి లెక్కలేనంత ఉంది. అది వేరేవాళ్ళు రాస్తారు. నాకు మాత్రం బళ్ళో హాజరు పిలుస్తుంటే ఒక్కోసారి మధ్యలో నోరు ఆగిపోతుంది. పిల్లలు “టీచర్, నా నంబరు” అని గుర్తు చేస్తారు. మొన్న ఆదివారం కొత్త పాస్టరుగారు అయ్యగారి వరుసలోనే పేర్లు చెబుతూ ప్రార్థన చేశారు. నేర్చుకున్నారు, సంతోషం. ఆ పల్లె వచ్చింది. అవ్వ, తండ్రి, తల్లి, తమ్ముడు అని గబగబా పోయారు. మెట్టు ఉందనుకుని చీకట్లో కాలు వేసినట్టు నా గుండె జారింది. కళ్ళు తెరిచి చూస్తే ఇంకా నలుగురైదుగురు కళ్ళు తెరిచి ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు.

ఇక అయ్యగారు పోయిన మర్నాడు, బుధవారం, జరిగింది చెప్పి ముగిస్తాను. రాయొచ్చా అని ఆ అమ్మాయినే అడిగాను. పేరు లేకుండా రాసుకో అక్కా అంది.

ఉదయగిరి కొండ కింద మా శ్మశానంలో సమాధి చేశారు. అన్ని సంఘాలవాళ్ళూ వచ్చారు, బ్రదరన్ పెద్దాయన కూడా వచ్చి మన్ను వేశాడు. అందరూ వెళ్ళిపోయాక నేను పూలదండలు సర్దుతూ ఉంటే, గోడ పక్కనుంచి ఆమె వచ్చింది. టీచరు చీర, చేతిలో హ్యాండుబ్యాగు, నుదుటి మీద మెరూన్ రంగు స్టిక్కరు బొట్టు.

“బళ్ళో ఏం చెప్పి వచ్చినావు?” అని అడిగాను.

“కడుపునొప్పని లీవు పెట్టినా” అంది. వంగి గుప్పెడు మన్ను వేసింది. కాసేపటికి, “అక్కా, ప్రార్థనలో ఆయన నా దగ్గిర ఆగతారని మా అవ్వ చెప్తా ఉంటాది. ఎంతసేపు ఆగేవాళ్ళు?” అని అడిగింది.

ఎంతసేపని చెప్పను? గడియారం చూసి కొలవలేదు. “చెప్పేది కాదు, చూడు” అని, నేను కళ్ళు మూసుకుని ఆ పల్లె మొదలుపెట్టాను. వాళ్ళ అవ్వ పేరు, తండ్రి పేరు, తల్లి పేరు చెప్పాను. అక్కడ ఆగాను.

కొంచెంసేపటికి కళ్ళు తెరిస్తే, ఆమె నుదుటి మీది స్టిక్కరు తీసి చేతి వాచీ అద్దానికి అంటించుకుని, తల వంచుకుని నిలబడి ఉంది. రోడ్డు మీద బస్సు హారను వినిపించింది.

“ఇంకానా అక్కా?” అంది, తలెత్తకుండా.

“ఇంకా” అన్నాను.

తర్వాత ఆమె తమ్ముడి పేరు చెప్పాను. ఆమె కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది. వాచీ మీది స్టిక్కరు గోటితో తీసి నుదుటికి అద్దుకుంది. అద్దం లేదు కదా, నా వైపు తిరిగి, “మధ్యలో ఉండాదా అక్కా?” అని అడిగింది.

“కొంచెం ఎడమకు జరుపు” అన్నాను.